టిక్కెట్టు మందం

కాలవలు కట్టేసిన నెలలో విప్పాం లేత్‌ని.
రాజోల్లో ఆ నెలే కాస్త ఊపిరి,
ఆయిలింజన్లు పాకల్లో పడుకుంటాయి,
షాఫ్టు విరిగిందని అర్ధరాత్రి షట్టరు కొట్టేవాళ్ళుండరు.
రొయ్యల చెరువులోళ్ళకి కాలాలు లేవనుకోండి,
వాళ్ళని తాటిపాక పంపించాం.

బటాలా ఇనుము. నేను కొన్నప్పటికే సెకండ్‌హ్యాండు.
తొంభయ్యారు తుఫాను నీళ్ళు
దాని కాళ్ళ మీద గీసిన గీత
రెండు రంగుల కిందనుంచి ఇంకా కనపడుద్ది.

డబ్బులు ఒక బాల్‌స్క్రూకే వచ్చాయి.
ఎస్తేరు దాన్ని నర్సాపురం నుంచి ఆటోలో
పులసని తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చింది.
అడ్డం స్లైడుకి పాత స్క్రూనే గతి.

"ఇందులో ప్లే ఎంతుందండీ?" అనడిగింది.
"ఉంది" అన్నారు బ్రహ్మలింగం గారు.
"ఎంత?"
"వెనక్కి తిప్పి, కూతంత దాటించి, మళ్ళీ ముందుకి."
"కూతంత అంటే?"
ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఆనించి
మధ్యలో ఏమీ లేని చోటు చూపించారు.

డయల్ గేజి బిగించి తిప్పమంది.
పదిసార్లు తిప్పారు.
పదిసార్లూ ముల్లు అదే గీత మీద ఆగింది.
సున్నా పాయింటు ఒకటి ఎనిమిది,
అని లాప్‌టాప్‌లో కొట్టుకుంది ఆ పిల్ల.
ఆయన చొక్కాకి చేతులు తుడుచుకుని
"అంతేనా?" అన్నారు.

బెడ్డు, చక్ దగ్గర ఒక అడుగు మేర
గుమ్మం అరిగినట్టు అరిగుంది.
మావన్నీ పొట్టి పనులు మరి:
బుష్షులు, పిన్నులు, పీచు మిషను రోలర్ల కొసలు,
ఏరేటర్ల ఇరుసులు.
ఎక్కడ ఎంత పల్లమో గళ్ళు గీసి రాసింది ఎస్తేరు.
ఆ కాయితం చూస్తే నాకు
మాకు రావలసిన బాకీలన్నీ గుర్తొచ్చాయి.

చేతి చక్రం ఊడదీసేటప్పుడు
బ్రహ్మలింగం గారు బయటికెళ్ళి నిలబడ్డారు.
అబద్ధం. అలా రాస్తే బాగుంటుందని రాశాను.
ఆయనే ఊడదీశారు,
పట్టేసిన నట్టుకి కొబ్బరినూనె పోసి
దాని తాతముత్తాతల్ని పలకరించి.
ఆ చక్రం ఇప్పుడు షెడ్డు తలుపుకి అడ్డు,
గాలికి కొట్టుకోకుండా.

పరీక్ష మిట్టమధ్యాహ్నమే పెట్టుకోవాలి.
రాత్రి ఏడైతే లంక చుట్టూ చెరువుల్లో ఏరేటర్లన్నీ తిరుగుతాయి,
ఓల్టేజి కుంగుద్ది,
డ్రైవు ఎర్రదీపం వేసి మొరాయిస్తుంది.

మొదటి కోత.
ఎవరూ పట్టుకోకుండా స్లైడు ముందుకెళ్ళింది,
రజను నీలంగా మెలితిరిగి ట్రేలో పడింది.
మూలన నిలబడ్డ బ్రహ్మలింగం గారి కుడిచెయ్యి
గాల్లో, నెమ్మదిగా, తిరుగుతానే ఉంది.
నేను చూడటం చూసి
జేబులో పెట్టేసుకున్నారు.

సగం కోతలో కరెంటు పోయింది.

వచ్చాక మిషనుకి తనెక్కడుందో తెలీదు.
"హోమ్‌కి పంపిస్తానండి, స్విచ్చులున్నాయి.
కానీ టూలు మొన ఎక్కడో మళ్ళీ చెప్పాలి" అంది ఎస్తేరు.
ఆయన జేబులోంచి చెయ్యి తీశారు.
చేతిలో ఒక పాత బస్సు టిక్కెట్టు,
గులాబీ రంగు, ఉల్లిపొరంత.
ఉమ్ముతో తడిపి ఇనుము మీద అంటించి
చక్‌ని చేత్తో తిప్పుతూ
"రానీ... ఇంకొంచెం... రానీ" అన్నారు.
ఆ పిల్ల మీట మీద వేలుతో ఒక్కో చుక్కా జరిపింది.
టిక్కెట్టు చటుక్కున జారింది.
"ఆయ్, చాలు."

"ఇప్పుడు ఎంత దూరంలో ఉందండీ?"
"టిక్కెట్టంత."

ఈసారి ఎంత అని అడగలేదు.
ఆయన జేబులోంచి ఇంకోటి లాగి మైక్రోమీటర్లో పెట్టి చూసింది.
సున్నా పాయింటు సున్నా ఆరు.
ఇప్పటి టిక్కెట్లు పనికిరావట,
మందం, పైగా వారానికే అక్షరాలు చెరిగిపోతాయి.
కండక్టరు బావమరిది రిటైరయ్యేటప్పుడు
ఒక కట్ట ఇచ్చిపోయాడట.

ఈ కొలతకి పేరు పెట్టమని అడిగింది స్క్రీను.
రాజోలు–తాటిపాక, అని కొట్టింది ఎస్తేరు.

కోత పూర్తయ్యేసరికి ఆరున్నర.
ఆపేశాం.
అవతల చెరువుల్లో నీళ్ళు చప్పుడు మొదలెట్టాయి.